నాన్న ఆపిన బాప్తిస్మం

పోయిన నెల మా సంఘంలో నాకొక పని అప్పగించారు. బాప్తిస్మం తీసుకోవాలనుకునే పిల్లల్ని ముందుగా కూర్చోబెట్టి, ఎందుకు తీసుకుంటున్నారు, ఏం నమ్మారు అని అడిగే పెద్దల్లో నన్నూ ఒకదాన్ని చేశారు. ఇప్పుడు మేముండేది గుంటూరు టౌన్లో కాబట్టి ఏసీ గది, పళ్లెంలో బిస్కెట్లు, పేపరు కప్పుల్లో టీ. మొదటి అమ్మాయి వచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎక్కడా తడుముకోకుండా తన సాక్ష్యం చెప్పింది. నా పక్కన కూర్చున్న టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం అనుమానం వచ్చింది. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు, అనుమానం మా ఇంటి జబ్బు. కొందరిళ్లలో షుగరు వస్తుంది, కొందరిళ్లలో ఆస్తి వస్తుంది, మాకు మా నాన్న దగ్గర్నుంచి ఇది వచ్చింది. తమ్ముడికీ వచ్చింది కానీ వాడు దాన్ని జాగ్రత్త అంటాడు.

మాది సత్తెనపల్లి దాటాక రోడ్డు వదిలి లోపలికి వెళ్లే ఊరు. నాన్న కౌలుకి చేలు తీసుకుని ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప వేసేవాడు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని మా పల్లెలో గుడి అని పిలిచే చిన్న ప్రార్థన మందిరంలో సంఘ పెద్దగా కూర్చునేవాడు. ఆయన నమ్మని వస్తువుల గురించి చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. పాలు నమ్మడు, వేలు ముంచి గోటి మీద బొట్టు నిలబెట్టి చూస్తాడు. బస్సు కండక్టరు ఇప్పుడే బయల్దేరుతుంది అంటే నమ్మడు, డ్రైవరు సీట్లో కూర్చున్నాకే ఎక్కుతాడు. పురుగు మందు డబ్బా కొంటే మూత చుట్టూ ఉన్న సీలుని గోరుతో గీరి, వాసన చూసి, షాపాయన మొహం చూసి, మళ్లీ సీలు చూస్తాడు. ఇందులో ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. పత్తికి కొట్టిన మందు తాగి పురుగులు ఇంకా నిగనిగలాడిన రోజులవి. ఏ డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియదు, తెలిసేసరికి చేను పోయేది.

అదే చూపుతో ఆయన దేవుడి మనుషుల్నీ చూసేవాడు. ఒకసారి ఊరి బయట పందిరి వేసి, పెద్ద పెద్ద మైకులు పెట్టి స్వస్థత కూటాలు జరిపారు. ఎక్కణ్ణుంచో వచ్చిన ప్రసంగీకుడు కళ్లు మూసుకుని, ఇక్కడ మోకాళ్ల నొప్పితో బాధపడుతున్న ఒక సహోదరి ఉంది, ఆమె లేచి నిలబడాలి అన్నాడు. ఆడవాళ్లు వరసలు వరసలుగా లేచారు. అమ్మ కూడా లేచింది. నాన్న నా చెవి దగ్గరకి వంగి, "మిరప కోతల్లో మోకాళ్లు నొప్పి లేనోళ్లని లెగమంటే తెలిసేది ఆయన సంగతి" అన్నాడు. అమ్మకి వినపడింది. ఇంటికి వెళ్లేదాకా అమ్మ నాన్నతో మాట్లాడలేదు, ఆ నడకలో ఆమె నొప్పితో కుంటినట్టు నాకేమీ కనిపించలేదు కూడా. నాన్న గెలిచాడో అమ్మ గెలిచిందో నాకు ఈ రోజుకీ తేలలేదు.

ఇవన్నీ చూసి పెరిగిన నాకు సహజంగానే నాన్న మీద అనుమానం పుట్టింది. దానికి బలమైన ఆధారం కూడా దొరికింది. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు కదా, నాన్న మూసుకునేవాడు కాదు. పాస్టరు గారు ఎంత సుదీర్ఘంగా ప్రార్థించినా సరే, చేతులు కట్టుకుని, ఎదురుగా గోడ వైపు చూస్తూ నిలబడేవాడు. కళ్లు మూసుకోవాల్సిన నాకు ఈ విషయం ఎలా తెలుసని అడగకండి. మా తమ్ముడూ నేనూ ఒకళ్లనొకళ్లం మోచేత్తో పొడుచుకుని చూసేవాళ్లం. అంత నమ్మకం లేని మనిషికి, అన్నిట్లోనూ మోసం వెతికే మనిషికి, కనిపించని దేవుడి మీద నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఊళ్లో పెద్దరికం కోసం గుడికొస్తున్నాడేమో అనుకునేదాన్ని. అనుకుని భయపడేదాన్ని. ఎందుకంటే నాన్న నమ్మకమే ఉత్తదైతే నేను నేర్చుకున్నదంతా ఉత్తదే అవుతుంది. ప్రార్థన అంటే ఏమిటో నాకు తెలిసింది ఆయన్ని చూసే.

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, నాతో చదివే ఆడపిల్లలతో కలిసి నేనూ బాప్తిస్మానికి పేరిచ్చాను. మా సంఘంలో చంటిపిల్లలకి ఇవ్వరు, ఊహ తెలిసి, తానుగా అడిగినవాళ్లని సాగర్ కాలవకి నీళ్లు వదిలినప్పుడు తీసుకెళ్లి ముంచుతారు. ముంచే ముందు పెద్దల ఎదుట సాక్ష్యం చెప్పాలి. మాకంటే ముందు తీసుకున్న అక్క ఒకామె మా అందరికీ ఒకే సాక్ష్యం నేర్పింది. నేను లోకంలో ఘోర పాపిగా తిరుగుతుండగా అని మొదలవుతుంది అది. నేను తిరిగిన లోకం ఇంటి నుంచి బస్టాపు దాకా, బస్టాపు నుంచి కాలేజీ దాకా. అయినా అద్దం ముందు నిలబడి, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కళ్లు దించాలో కూడా అభ్యాసం చేసి వెళ్లి అప్పజెప్పాను. పాస్టరు గారి భార్య, మేం అమ్మగారు అనే ఆవిడ, నా తల నిమిరింది. పెద్దల్లో ఒకరి తర్వాత ఒకరు బాగుంది అన్నారు. చివర్లో నాన్న వంతు వచ్చింది.

"మాటలు బాగున్నాయండి. మరీ బాగున్నాయి. ఈ పిల్లకి ఇంకో ఏడాది ఆగుదాం" అన్నాడు.

పాస్టరు గారు, "మీ అమ్మాయే కదండీ" అన్నారు. "అందుకేనండి. ఎవరి పిల్లకైనా ఒప్పుకుంటా గానీ ఈ పిల్ల అద్దం ముందు చదవడం నేను విన్నా" అన్నాడు నాన్న. మిగతా అమ్మాయిలంతా ఆ ఆదివారం తెల్ల పంజాబీ డ్రెస్సుల్లో ట్రాక్టరెక్కి కాలవకి వెళ్లారు. నేను వెళ్లలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. అమ్మ నాన్నని ఏమనలేక గిన్నెల్ని గట్టిగా కడిగింది. పల్లెలో అప్పటికే మాట పుట్టింది: సొంత కూతుర్నే ఆపాడంటే ఆ పిల్ల ఏదో చేసుంటుంది. ఎవరో అబ్బాయితో బస్సులో మాట్లాడిందట అని ఒకరు, ఉత్తరాలు దొరికాయట అని ఒకరు. ఆ మాటలు నా చెవిన పడ్డప్పుడు నాకు నాన్న మీద వచ్చిన కోపం ఇంత అని చెప్పలేను. నన్ను అనుమానించాడు కదా, చూద్దాం ఆయనెంత నిఖార్సో, అనుకున్నాను. ఆయన నమ్మకం డొల్ల అని తేలితే ఇక గుడి గడప తొక్కకూడదనీ, బాప్తిస్మం అనే మాటే ఎత్తకూడదనీ ఒట్టు పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి నాన్నని కనిపెట్టడం మొదలుపెట్టాను.

చలికాలం చివర్లో మిరప కోతలయ్యాయి. కాయలు కల్లంలో ఆరబోసి, రంగు పోయిన తాలుకాయలు ఏరేసి, బస్తాలకెత్తే సమయం వచ్చింది. మిరపకాయల్ని బస్తాలో పోసి కాళ్లతో తొక్కుతారు. ఎండిన కాయని తొక్కితే ముక్కలై గింజలు రాలిపోతాయి, అందుకని ముందు మంచుకి మెత్తబడనిస్తారు. ఆ ఏడాది మంచు సరిగా పడలేదు. మంచు పడనప్పుడు అందరూ చేసే పని ఒకటుంది, నీళ్లు కొట్టడం. కాస్త కొడితే కాయ విరగదు, బాగా కొడితే బరువూ పెరుగుతుంది. ఎంత కొట్టామన్నది ఎవరూ ఎవరికీ చెప్పరు. కొన్నవాడు అడిగితే మంచు అంటారు. మా ఊళ్లో ఆ ఏడాది అందరి కల్లాల్లోనూ ఒక్కో కల్లానికి వేరేగా మంచు కురిసింది. నాన్న దొరికితే ఇక్కడే దొరకాలి అనుకున్నాను.

తెల్లవారుతుండగా టీ ఫ్లాస్కు ఇచ్చే నెపంతో కల్లానికి వెళ్లాను. పక్క కల్లం సాయిబు గారి టార్పాలిన్ పట్టాల వెనక నిలబడి చూశాను. ఎర్రటి రాశి పక్కన నాన్న ఒంటరిగా ఉన్నాడు. బిందెలో వేప మండ ముంచి, రాశి చుట్టూ తిరుగుతూ చిలకరిస్తున్నాడు. ఒకసారి ఆగి అటూ ఇటూ చూశాడు కూడా. దొరికాడు అనుకున్నాను. సంతోషమేసింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండూ ఒకేసారి ఎలా వచ్చాయో తెలియదు. ఫ్లాస్కు అక్కడే పట్టా మీద పెట్టేసి వచ్చేశాను. సాయిబు గారు తర్వాత ఆ టీ తనకే పంపామనుకుని తాగి అమ్మకి థాంక్స్ చెప్పారట.

గుంటూరులో పిన్ని ఇంటికి వెళ్తానని చెప్పి, బస్తాలెక్కించిన లారీలోనే నాన్నతో బయల్దేరాను. నాకు కావలసింది పిన్ని కాదని వేరే చెప్పక్కర్లేదు. మిర్చి యార్డులో ఆ పొద్దు ఎటు చూసినా బస్తాలే, ఎటు విన్నా తుమ్ములే. మా బస్తాల దగ్గరకి కొనేవాళ్ల గుమాస్తా వచ్చాడు. బస్తా కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, మధ్యలోంచి పిడికెడు తీసి నలిపి చూశాడు. మా పక్కన మా ఊరాయనే ఒకాయన బస్తాలు. ఆయన్ని అడిగితే, "మంచేనండి, మా వైపు మంచు ఇరగ కురిసిందండి" అన్నాడు. ఆయన బస్తాల కింద నేల తడిసి ఉంది. గుమాస్తా నవ్వి, ఏదో గొణిగి, ముందుకొచ్చాడు.

"ఏం పెద్దాయనా, నీళ్లు కొట్టావా?"

"కొట్టానండి" అన్నాడు నాన్న. "వేప మండతో చిలకరించా. ఒక బిందె పట్టింది మొత్తానికి."

గుమాస్తా చెయ్యి బస్తాలోనే ఉండిపోయింది. ఆ యార్డులో అలాంటి జవాబు అతను విని ఉండడు. నాన్న మొహాన్ని అచ్చం నాన్న పురుగు మందు షాపాయన మొహాన్ని చూసినట్టే చూశాడు. తర్వాత పక్కనున్నవాడితో, "బిందె అని వాడే ఒప్పుకుంటున్నాడంటే డ్రమ్ము పోసుంటాడు. అన్నీ విప్పించండి" అన్నాడు. మంచు అన్నాయన బస్తాలు ఎప్పటిలాగే కాటాకి వెళ్లాయి. మావి మాత్రం ఒక్కొక్కటీ విప్పి, ఖాళీ జాగాలో ఎండకి ఆరబోయించారు. మా ఊరాయన వెళ్తూ వెళ్తూ, "ఎవడు చెప్పమన్నాడని చెప్పావయ్యా, నీకు చాదస్తం" అన్నాడు. అది సానుభూతో ఎగతాళో ఆయనకే తెలియాలి.

ఆ రాశి పక్కనే కూర్చుని అమ్మ కట్టిచ్చిన చద్ది తిన్నాం. మళ్లీ తొక్కితే కాయలు విరుగుతాయని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. "ఎందుకు చెప్పావు నాన్నా?" అన్నాను.

"అడిగాడుగా."

"అందరూ మంచు అనే చెప్పారుగా."

"చెప్తారు. నేనేదో మంచోణ్ణయి చెప్పలేదే అమ్మాయ్. ఇయ్యాల బిందె దాచానంటే పైయేడు డ్రమ్ము దాస్తా. నా సంగతి నాకు తెలీదా?"

అలాంటప్పుడు అసలు కొట్టడమెందుకని అడిగాను. కొట్టకపోతే ముక్కలవుతాయి కదా అన్నాడు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. ఇంత దూరం వచ్చాక ఇంకొకటీ అడిగేద్దామనిపించి, ప్రార్థనలో కళ్లెందుకు మూసుకోవని అడిగాను. నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "మూసుకుంటే చేను కనపడుద్ది. తెగులు కనపడుద్ది, రేటు కనపడుద్ది. ఇక దేవుడెక్కడ? తెరుచుకుంటే గోడ కనపడుద్ది. గోడ నయం" అన్నాడు. ఆ జవాబు చాలా బాగుంది. మరీ బాగుంది. ఇవన్నీ నేను వినాలనే, నా ముందు మంచివాడు కావాలనే చెప్పాడేమోనన్న అనుమానం ఊరికి తిరిగొచ్చేదాకా నన్ను వదల్లేదు. ఆయన కూతుర్ని కదా.

అందుకని కనిపెట్టడం మానలేదు. ఆ ఏడాదిలో నాకు ఆయనవి మంచివీ చెడ్డవీ అన్నీ కనిపించాయి. గడ్డివామి వెనక చుట్ట కాలుస్తూ దొరికాడు. నన్ను చూసి దాచలేదు, ఆర్పనూ లేదు, పూర్తి చేసి వచ్చాడు. కోపమొస్తే అమ్మని మాటలనేవాడు, తర్వాత క్షమించమని అడగడం చేతగాక నీళ్ల బిందెలు మోసి పెట్టేవాడు. పెదనాన్నకి అరువిచ్చిన మందు కొట్టే పంపు విరిగి తిరిగొస్తే, అన్నదమ్ములిద్దరికీ మాటల్లేకుండా పోయాయి. క్రీస్తుని తలుచుకుని అందరూ రొట్టె తీసుకునే ప్రభువు బల్ల రోజున, సంఘ పెద్దగా రొట్టె పళ్లెం వరసల్లోకి తీసుకెళ్లేది నాన్నే. సహోదరుడితో విరోధం పెట్టుకుని ఆ రొట్టె తినకూడదంటారు. పెదనాన్నతో మాటల్లేని ఆ నెలల్లో అందరికీ అందించి, తాను తీసుకోకుండా పళ్లెం వెనక్కి పెట్టేసేవాడు. చూసేవాళ్లు చూశారు. పైకి కనిపించని పాపమేదో ఉంది అని గుసగుసలు మొదలయ్యాయి. కూతురిది ఒకటి, తండ్రిది ఒకటి అన్నారు. ఒక శనివారం సాయంత్రం, ఎవరూ చెప్పకుండానే పెదనాన్న ఇంటికి వెళ్లాడు. నేను వెనకాలే వెళ్లి వీధి మలుపులో నిలబడ్డాను. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఆ విరిగిన పంపుని బాగుచేసుకుంటున్నారు, మాటలు తక్కువ, తిట్లు ఎక్కువ. మర్నాడు నాన్న రొట్టె తీసుకున్నాడు. ఆ ముక్క ఆయన గొంతు దిగడం నేను చూశాను. మందిరంలో ఏడవడం నాకు అదే మొదటిసారి, అద్దం ముందు నేర్చుకోని ఏడుపు.

కాలవకి మళ్లీ నీళ్లొదిలారు. నేను మళ్లీ పేరిచ్చాను. ఈసారి ఏమీ బట్టీ పట్టలేదు, దానివల్ల పెద్దల ముందు కూర్చున్నాక నోట్లోంచి ఏమీ రాలేదు. అమ్మగారు మంచినీళ్లిచ్చింది. కిటికీ అవతల అమ్మ నిలబడి వింటోందని తెలుసు. పాస్టరు గారు, "ఏం నమ్మావో చెప్పమ్మా, తొందరేం లేదు" అన్నారు.

"కొన్ని నమ్మానండి. కొన్ని ఇంకా తెలీదండి" అన్నాను. "మా నాన్నని చూస్తే దేవుడున్నాడనిపిస్తుంది. ఒక్కోసారి మా నాన్నని చూస్తేనే ఉన్నాడా అనిపిస్తుంది. అయినా తీసుకుంటానండి."

కిటికీ అవతల అమ్మ కొంగు నోట్లో కుక్కుకోవడం కనిపించింది. ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, ఇదేం సాక్ష్యమండీ అన్నాడు. ఇంకొకాయన ఇంకో ఏడాది చూద్దాం అన్నాడు. పాస్టరు గారు నాన్న వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నారు. పోయిన ఏడాది కూతుర్ని ఆపిన మనిషి ఇప్పుడేమంటాడో అని అందరూ ఆయన్నే చూస్తున్నారు. నేను చూడలేకపోయాను. ఆయన కాదంటే ఇక జీవితంలో అడగనని నాకు తెలుసు.

నాన్న లేచి నిలబడ్డాడు. పెద్దల మీటింగులో లేచి మాట్లాడే అలవాటు లేదు ఎవరికీ.

"ఈ పిల్ల నన్ను ఏడాదిగా కనిపెడుతోందండి" అన్నాడు. "కల్లం దగ్గరా, యార్డులో, గడ్డివామి కాడా, మా అన్న ఇంటికాడా. నాకు తెలుసు. నేనేంటో దీనికి తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలవదు. నన్ను అంత దగ్గర్నుంచి చూసి కూడా దేవుణ్ణి నమ్ముతానంటోందంటే, దీని నమ్మకం గట్టిదే అయ్యుండాలి. నీళ్లలోకి దించండి."

కూర్చున్నాడు. పాస్టరు గారు నా పేరు రాసుకున్నారు. ఆ ఆదివారం కాలవలో నన్ను ముంచి లేపినప్పుడు నీళ్లు ముక్కులోకి పోయి దగ్గాను, ఒళ్లంతా బురద వాసన, గట్టు మీద పాట పాడుతున్నవాళ్లలో నాన్న గొంతు శ్రుతి తప్పి అందరికంటే పైకి వినిపించింది. బాప్తిస్మమప్పుడు యేసుకి తెరుచుకున్నట్టు నాకు ఆకాశం తెరుచుకోలేదు. నాకైతే ఆ గొంతు చాలు అనిపించింది.

తర్వాత చాలా జరిగింది. చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, నమ్మకం పలచబడిపోయిన రోజులు, మళ్లీ చిక్కబడిన రోజులు. నాన్న పోయి ఎన్నో కోతలు గడిచాయి. పోయిన నెల ఆ ఏసీ గదిలో మొదటి అమ్మాయి సాక్ష్యం వింటూ, నాన్నైతే ఏమనేవాడో అనుకున్నాను. కాలం ఆయన్ని నా ఎదుట నుంచి తీసుకుపోయింది కానీ, ఆయన్ని కనిపెట్టే పని నాకింకా పూర్తి కాలేదు.